కేసులు ఎంతకు తగ్గితే బడి తెరవొచ్చు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మహమ్మారి సమయంలో మూసేసిన స్కూల్‌ని తిరిగి తెరవాలంటే కేసులు ఏ సంఖ్య కిందికి రావాలి? సున్నా అయ్యేదాకా ఆగాలా? తెరిస్తే ముందు పరీక్షలున్న పెద్ద తరగతులను పిలవాలా, చిన్నపిల్లలనా? మీరు స్కూల్ నిర్వహణ కమిటీలో ఉన్నారు. తల్లిదండ్రుల్లో సగం మంది వెంటనే తెరవమంటున్నారు, మిగతా సగం అసలు వద్దంటున్నారు.

నేను అంటువ్యాధుల విభాగంలో పనిచేసే డాక్టర్‌ని. కోవిడ్ కాలంలో బడులు తెరవడంపై సలహాలిచ్చే కమిటీల్లో కూర్చున్నాను. తెరిచాక కేసులు బయటపడిన స్కూళ్లకు వెళ్లి, జబ్బు ఎక్కడ అంటుకుంది, ఎవరిని ఇంట్లో ఉంచాలి అని తేల్చే పని కూడా చేశాను. నిజం చెప్పాలంటే మీటింగుల్లో కంటే ఈ రెండో పనిలోనే ఎక్కువ నేర్చుకున్నాను.

సూటిగా జవాబు: సున్నా కోసం ఆగకండి. ఒకే ఒక్క సంఖ్య కోసం కూడా వెతకకండి. కోవిడ్ లాంటి, పిల్లలను తక్కువగా దెబ్బతీసే జబ్బయితే, మీ ప్రాంతంలో కేసులు రెండు మూడు వారాలుగా తగ్గుతూ, ఆసుపత్రుల్లో పడకలు సులువుగా దొరుకుతూ ఉంటే, బడిలో మొదటి కేసు వచ్చిన రోజు ఎవరు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుని ఉంటే తెరవొచ్చు. చిన్న తరగతులను ముందు పిలవండి. ఈ నాలుగింటిలో మీ కమిటీ చేతిలో పూర్తిగా ఉన్నది ఆ రాసిపెట్టుకోవడం ఒక్కటే. దాన్నే చాలా స్కూళ్లు చివరికి వదిలేస్తాయి.

ఇక కారణాలు. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మొదట చూడాల్సింది కేసులు కాదు, జబ్బు స్వభావం. "మహమ్మారి వస్తే బడులు మూయాలి" అనే ఆలోచన చాలావరకు ఫ్లూ నుంచి వచ్చింది. ఫ్లూ పిల్లల్లో బాగా పాకి, అక్కడి నుంచి ఇళ్లకు చేరుతుంది కాబట్టి బడి మూస్తే ఫలితం కనిపిస్తుంది. 2020లో అందరి దగ్గరా సిద్ధంగా ఉన్నవి ఫ్లూ కోసం రాసుకున్న ప్రణాళికలే. కోవిడ్ తొలి వేవ్‌లలో పరిస్థితి వేరు. జబ్బు ముసలివాళ్ల మీద ఎక్కువ పడింది, పిల్లల మీద తక్కువ. స్వీడన్ 2020 వసంతంలో 16 ఏళ్లలోపు పిల్లల బడులను తెరిచే ఉంచింది. ఆ ఏడాది మార్చి నుంచి జూన్ దాకా అక్కడి 1 నుంచి 16 ఏళ్ల పిల్లలు దాదాపు 19.5 లక్షల మందిలో కోవిడ్‌తో ఐసీయూలో చేరింది 15 మంది, చనిపోయినవాళ్లు లేరు.

కానీ ఈ లెక్క పట్టుకుని రేపు వచ్చే ఇంకో జబ్బుకు ఇదే తీర్పు ఇవ్వకండి. పోలియోలో దెబ్బ తినేది పిల్లలే. 1916లో న్యూయార్క్‌లో పోలియో చెలరేగినప్పుడు బడుల ప్రారంభాన్ని సెప్టెంబర్ 25 దాకా వాయిదా వేశారు, అప్పటికి తెలిసినదాన్ని బట్టి అది అర్థం చేసుకోదగ్గ నిర్ణయమే. ఎబోలా ఇంకో రకం. లక్షణాలు మొదలయ్యాకే అది ఇతరులకు అంటుకుంటుంది. అందుకే 2015లో గినియా జనవరిలో, లైబీరియా ఫిబ్రవరిలో, సియెర్రా లియోన్ ఏప్రిల్‌లో బడులు తెరిచినప్పుడు గేటు దగ్గర థర్మామీటర్‌తో చూడటానికి ఒక అర్థం ఉంది. కోవిడ్‌లో లక్షణాలకు ఒకటి రెండు రోజుల ముందే వైరస్ బయటికి వస్తుంది, చాలామంది పిల్లలకు జ్వరమే రాదు. అయినా ప్రతి స్కూల్ గేటు దగ్గర ఆ తుపాకీ థర్మామీటర్ కనిపించేది. దానికి పెట్టిన డబ్బుతో కిటికీలు బాగుచేయించి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి కొత్త జబ్బు వస్తే మొదటి కొన్ని వారాలు మూయడం తప్పు కాదు. ఏమీ తెలియని దశలో అది సమయం కొనుక్కోవడం. ఆ సమయంలో తెలుసుకోవాల్సినవి: పిల్లలకు ఎంత ప్రమాదం, పిల్లల నుంచి ఎంత పాకుతుంది, గాలి ద్వారానా తాకడం ద్వారానా. 2009లో హెచ్1ఎన్1 ఫ్లూ మొదలైనప్పుడు అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ, కేసు వచ్చిన బడులను రెండు వారాల దాకా మూయమంది. జబ్బు భయపడినంత తీవ్రంగా లేదని, అప్పటికే ఊళ్లలో పాకిపోయిందని తెలిశాక మే 5న ఆ సలహాను వెనక్కి తీసుకుంది. తెలిసిన కొద్దీ మాట మార్చడంలో తప్పు లేదు. మీ కమిటీలో ఎవరైనా "మొన్న అలా అన్నారు కదా" అంటే ఈ ఉదాహరణ చెప్పండి.

ఇప్పుడు సంఖ్య సంగతి. ఒక్క అంకె పట్టుకుంటే ఏమవుతుందో న్యూయార్క్ నగరం చూపించింది. 2020లో అక్కడ ఏడు రోజుల సగటు పాజిటివిటీ, అంటే చేసిన టెస్టుల్లో పాజిటివ్ వచ్చినవాటి వాటా, 3 శాతం దాటితే బడులు మూయాలని నియమం పెట్టుకున్నారు. నవంబర్ 19 నుంచి మూశారు. అప్పటికి స్కూళ్లలో చేసిన ర్యాండమ్ టెస్టుల్లో పాజిటివిటీ నగరం కంటే చాలా తక్కువగా ఉంది. అదే సమయంలో రెస్టారెంట్లలో లోపల కూర్చుని తినడానికి మాత్రం అనుమతి ఉంది. తల్లిదండ్రులు గొడవ చేశారు. డిసెంబర్ 7న చిన్న తరగతులను మళ్లీ తెరిచారు. 3 అనే అంకెలో శాస్త్రం పెద్దగా లేదు. దాటితే ఏదో ఒకటి చేయాలి కాబట్టి పెట్టుకున్న గీత అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పిన 5 శాతం పాజిటివిటీ, అదీ రెండు వారాల పాటు, మొత్తం ఆంక్షల సడలింపుకు ఒక సూచన. బడి కోసం ప్రత్యేకంగా చెప్పింది కాదు. పైగా పాజిటివిటీ మీరు ఎవరికి టెస్ట్ చేస్తున్నారన్న దాని మీద ఆధారపడి మారిపోతుంది. లక్షణాలున్నవాళ్లకే చేస్తే పెరుగుతుంది, ఆఫీసుల్లో అందరికీ చేస్తే తగ్గుతుంది. టెస్టులు సగానికి తగ్గిస్తే కేసులూ తగ్గినట్టు కనిపిస్తాయి. అందుకే నేను ఎప్పుడూ ఆసుపత్రిలో కొత్తగా చేరుతున్నవాళ్ల సంఖ్యను పక్కన పెట్టుకుని చూస్తాను. అది కాస్త ఆలస్యంగా కదులుతుంది, కానీ అంత తేలిగ్గా మోసం చేయదు.

ఎంత ఉంది అన్నదాని కంటే ఎటు పోతోంది అన్నది ముఖ్యం. లక్ష మందికి వారానికి 60 కేసులుండి దిగుతున్న ఊళ్లో బడి తెరవడం, 20 కేసులుండి ప్రతి వారం రెట్టింపవుతున్న ఊళ్లో తెరవడం కంటే మేలు. రెండో ఊరు మూడు వారాల్లో 160కి చేరుతుంది, అప్పటికి పిల్లలు బెంచీల మీద ఉంటారు. కోవిడ్‌లో వైరస్ సోకిన రోజు నుంచి లక్షణాలకు సగటున ఐదు రోజులు, ఆ తర్వాత టెస్ట్, రిపోర్ట్. అంటే ఈ రోజు మీరు చూస్తున్న కేసులు వారం పది రోజుల కిందటి సంగతి. తెరిచిన ప్రభావం కూడా కనీసం రెండు మూడు వారాలకు గానీ అంకెల్లో తెలియదు. అందువల్ల ఒక దశకూ ఇంకో దశకూ మధ్య అంత గ్యాప్ ఉండాలి.

ఈ గ్యాప్ లేకపోతే ఏమవుతుందో 2020లోనే రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. డెన్మార్క్ ఏప్రిల్ 15న యూరప్‌లో అందరికంటే ముందు బడులు తెరిచింది, అదీ ఐదో తరగతి వరకే. పిల్లలను చిన్న గుంపులుగా విడగొట్టారు, ఒక గుంపు ఇంకో గుంపుతో కలవకుండా చూశారు, బెంచీలు దూరంగా వేశారు, పాఠాలు వీలైనంత ఆరుబయట చెప్పారు. పెద్ద తరగతులను నెల తర్వాత పిలిచారు. కేసుల దిగుదల ఆగలేదు. ఇజ్రాయెల్ మే 3న చిన్న గుంపులతో జాగ్రత్తగానే మొదలుపెట్టింది. కానీ రెండు వారాలకే, మే 17న, అన్ని తరగతులనూ మామూలు సంఖ్యతో తెరిచేసింది. అదే వారం ఎండలు మండిపోయాయి, మాస్కు నిబంధన సడలించారు, ఏసీలు ఆగకుండా నడిచాయి. జెరూసలేంలో ఒక హైస్కూల్లో ఒక్కో గదిలో 35 మందికి పైగా ఉన్నారు. అక్కడ 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి వైరస్ సోకింది. తెరిచిన రోజుల్లో రెండు దేశాల్లోనూ కేసులు దిగుతూనే ఉన్నాయి. తేడా వచ్చింది తెరిచిన వేగంలో, గదుల్లో.

చిన్నపిల్లలు ముందా, పరీక్షల తరగతులు ముందా? మీటింగుల్లో ఎక్కువ గొడవ దీని మీదే జరుగుతుంది. పరీక్షలున్నవాళ్లను ముందు పిలవాలనే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. దక్షిణ కొరియా కూడా చాలాసార్లు వాయిదా వేశాక 2020 మే 20న హైస్కూల్ చివరి ఏడాది వాళ్లతోనే మొదలుపెట్టింది. అయినా కోవిడ్ లాంటి జబ్బులో నా ఓటు చిన్నవాళ్లకే. వాళ్లకు జబ్బు తీవ్రత తక్కువ. ఒకే గది, ఒకే టీచర్ కాబట్టి గుంపులు కలవవు. స్క్రీన్ ముందు కూర్చుని చదవడం నేర్చుకోవడం ఆరేళ్ల పిల్లకు దాదాపు అసాధ్యం. పైగా వాళ్లు ఇంట్లో ఉంటే ఒక పెద్దమనిషి పని మానుకోవాలి. పదిహేనేళ్లవాడు ఆన్‌లైన్లో కొంతైనా నెట్టుకొస్తాడు. భారత్‌లో 2021 జూన్, జూలైల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన సీరో సర్వేలో, అంటే రక్తంలో యాంటీబాడీలను వెతికే సర్వేలో, 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలున్నాయి. చాలాచోట్ల చిన్నవాళ్ల బడులు ఏడాదికి పైగా మూసే ఉన్నాయి, అయినా పిల్లలకు వైరస్ సోకింది. ఆ సర్వే తర్వాత ఐసీఎంఆర్ కూడా ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టడం మేలని చెప్పింది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బడి మానేసే ప్రమాదం ఎక్కువున్న వయసు ఏదో మీ దగ్గర చూసుకోండి. 13, 14 ఏళ్ల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పనికి పోవడమో పెళ్లి కావడమో మొదలైందంటే వాళ్లను ఆరు నెలల తర్వాత పిలిచినా రారు. ఎబోలా తర్వాత సియెర్రా లియోన్‌లో గర్భం దాల్చిన బాలికలను బడికి రానివ్వకుండా నిషేధించారు, అది 2020 మార్చి దాకా ఎత్తేయలేదు. ఉగాండాలో బడులు 2020 మార్చిలో మూస్తే అందరికీ పూర్తిగా తెరిచింది 2022 జనవరి 10న. దాదాపు 22 నెలల తర్వాత వెనక్కి రాని పిల్లల లెక్క ఏ కేసుల గ్రాఫ్‌లోనూ కనిపించదు. కాబట్టి చిన్నవాళ్లు రోజూ, పెద్దవాళ్లు వారానికి రెండు రోజులు అనే ఏర్పాటు చాలాచోట్ల బాగా నడిచింది. పెద్దవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఉన్నాయా అన్నదే కాకుండా మనిషి కళ్లముందుకు వస్తున్నారా అన్నది తెలుస్తుంది.

మూసి ఉంచడం సేఫ్ అనుకోకండి. "ఇంకో నెల ఆగితే పోయేదేముంది" అని మీ కమిటీలో తప్పకుండా ఎవరో అంటారు. నెదర్లాండ్స్‌లో ఇంటర్నెట్ బాగుంది, బడులు మూసింది ఎనిమిది వారాలే. అయినా ప్రాథమిక తరగతుల పిల్లలు ఒక విద్యా సంవత్సరంలో ఐదో వంతు నష్టపోయారని మూతకు ముందూ తర్వాతా జరిగిన పరీక్షల పోలికలో తేలింది. అంటే ఇంటి నుంచి నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదు. తల్లిదండ్రులు తక్కువ చదువుకున్న ఇళ్లలో నష్టం 60 శాతం దాకా ఎక్కువ. 2005 పాకిస్తాన్ భూకంపం తర్వాత బడులు సుమారు మూడు నెలలు మూతపడ్డాయి. నాలుగేళ్లయ్యాక చూస్తే దెబ్బతిన్న ప్రాంతం పిల్లలు ఒకటిన్నర తరగతి వెనకబడి ఉన్నారు. మూడు నెలల నష్టం ఏడాదిన్నర ఎలా అయింది? తెరిచాక టీచర్లు సిలబస్ ఎక్కడుందో అక్కడి నుంచి చెప్పుకుపోయారు, పిల్లలు ఎక్కడున్నారో చూడలేదు అన్నది పరిశోధకులు ఇచ్చిన వివరణల్లో ఒకటి. తల్లి కనీసం ప్రాథమిక చదువు చదివిన ఇళ్లలో ఈ లోటు కనిపించలేదు.

చదువొక్కటే కాదు. 2020లో 37 కోట్ల మంది పిల్లలకు బడిలో దొరికే భోజనం అందకుండా పోయిందని ప్రపంచ ఆహార కార్యక్రమం లెక్కగట్టింది. టీకాలు, కంటి పరీక్షలు, ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లను గమనించే ఒక టీచర్, ఇవన్నీ బడితోపాటే మూతపడతాయి. 1918 ఫ్లూలో న్యూయార్క్, చికాగో బడులు మూయకపోవడానికి చెప్పిన కారణం కూడా ఇలాంటిదే. ఇరుకిళ్లలో ఉండే పిల్లలకు బడిలోనే డాక్టర్లు, నర్సుల కన్ను ఉంటుందని.

అందుకే ఊళ్లో కొంత వైరస్‌ని భరించగలిగే స్థోమత ఉంటే, అది మొదట బడికి ఖర్చు కావాలి. సినిమా హాళ్లు, ఫంక్షన్లు, బార్లు తెరిచి బడిని మూసి ఉంచిన ఊరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ కమిటీ ఆ నిర్ణయాలు తీసుకోలేదు, నిజమే. కానీ అధికారుల ముందు ఈ ప్రశ్న అడగొచ్చు.

టీచర్ల భయం నిజమైనదే. ఇక్కడ తెరవమనేవాళ్లు తరచూ తేలిగ్గా మాట్లాడతారు. స్వీడన్‌లో బడికి వెళ్లి పాఠాలు చెప్పిన, హైస్కూల్‌కు ముందు తరగతుల టీచర్లకు, ఇంటి నుంచి చెప్పిన హైస్కూల్ టీచర్లతో పోలిస్తే వైరస్ సోకే అవకాశం సుమారు రెండింతలు తేలింది. తల్లిదండ్రుల్లో పెరుగుదల స్వల్పం. అంటే బడి తెరిస్తే రిస్క్ ప్రధానంగా మోసేది పెద్దవాళ్లే. వయసు పైబడినవాళ్లకు, షుగర్, గుండె జబ్బులున్నవాళ్లకు ఆన్‌లైన్ తరగతులు, పేపర్లు దిద్దడం లాంటి పనులు ఇవ్వండి. టీకా ఉంటే టీచర్లు, డ్రైవర్లు, ఆయాలు మొదటి వరుసలో ఉండాలని పట్టుబట్టండి. పిల్లలందరికీ టీకా వచ్చేదాకా ఆగడం మాత్రం సరికాదు. కోవిడ్‌లో 5 నుంచి 11 ఏళ్లవాళ్లకు అమెరికాలోనే 2021 అక్టోబర్ చివరికి గానీ అనుమతి రాలేదు.

నేను వెళ్లిన స్కూళ్లలో ఎక్కువసార్లు జబ్బు పాకిన చోటు తరగతి గది కాదు, స్టాఫ్ రూమ్. తరగతిలో అంతసేపూ మాస్కు పెట్టుకుని, దూరం పాటించి, మధ్యాహ్నం ఒకే బల్ల చుట్టూ కూర్చుని క్యారియర్లు విప్పుతారు. ఒక చోట నలుగురైదుగురు టీచర్లకు ఒకే వారం వచ్చింది, వాళ్ల తరగతుల్లో పిల్లలెవరికీ రాలేదు. ఆ స్కూల్ వాళ్లు పిల్లల బెంచీల మధ్య దూరాన్ని టేపు పెట్టి కొలిచారు గానీ స్టాఫ్ రూమ్ తలుపు వైపు చూడలేదు. భోజనం వంతులవారీగా, వీలైతే చెట్టు కింద.

భవనం సంగతి మీరే వెళ్లి చూడండి. గాలి ద్వారా పాకే జబ్బయితే శానిటైజర్ డబ్బాల కంటే కిటికీలు ముఖ్యం. కిటికీలున్నాయా అని కాదు, తెరుచుకుంటాయా అని చూడాలి. రంగులు వేసినప్పుడు అతుక్కుపోయినవి, దొంగల భయంతో స్క్రూలు బిగించినవి, అడ్డంగా బీరువా పెట్టినవి, ఇలా ప్రతి స్కూల్లో కొన్ని ఉంటాయి. చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి కొనండి. మనం వదిలిన ఊపిరి గదిలో ఎంత నిలిచిపోయిందో అది చూపిస్తుంది. బయటి గాలిలో సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) ఉంటుంది. గదిలో 800 దగ్గర ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టు. తలుపులు మూసి పిల్లలతో నిండిన ఒక గదిలో నా మీటర్ అరగంటలోపే 2000 దాటింది. ఎదురెదురుగా రెండు కిటికీలు, తలుపు తెరిస్తే కొద్ది నిమిషాల్లో సగానికి పడిపోయింది. అది చూశాక ఆ హెడ్‌మాస్టర్‌కి ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. స్కూల్ బస్సులోనూ ఇదే సూత్రం. రెండు వైపులా కిటికీలు కొంచెమైనా తెరిచే ఉండాలి.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది: నీళ్లు. నెలల తరబడి వాడని పైపుల్లో, ట్యాంకుల్లో నిలిచిన నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. తెరవడానికి ముందు ట్యాంకులు కడిగించి ప్రతి కుళాయినీ కాసేపు వదిలేయండి. మాస్కుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2020 ఆగస్టులో ఇచ్చిన సలహా సరిపోతుంది: ఐదేళ్లు, అంతకంటే చిన్నవాళ్లకు అక్కర్లేదు, 12 ఏళ్లు దాటితే పెద్దవాళ్ల లాగే, మధ్యవాళ్లకు పరిస్థితిని బట్టి.

ఇప్పుడు అసలు విషయం: మొదటి కేసు వచ్చిన రోజు. వస్తుంది. ఊళ్లో వైరస్ ఉంటే బడిలోకీ వస్తుంది. నేను చూసిన మంచి ప్రణాళిక ఒక ఆఫీసు గోడకు అంటించిన ఒకే ఒక్క కాగితం. పిల్లకు జ్వరం వస్తే ఏ గదిలో కూర్చోబెట్టాలి, ఎవరు దగ్గరుండాలి, ఇంటికి ఎవరు ఫోన్ చేయాలి, టెస్ట్ ఎక్కడ, పాజిటివ్ అయితే ఆ సెక్షన్ మాత్రమే ఎన్ని రోజులు ఇంట్లో, మిగతా తల్లిదండ్రులకు వెళ్లే మెసేజ్ ఏమిటి. అన్నీ పేర్లతో సహా. ఇంకో స్కూల్ నాకు లావుపాటి ఫైల్ చూపించింది, అందులో ఎక్కడా ఒక ఫోన్ నంబర్ లేదు.

ఒక్క కేసుకు మొత్తం బడి మూయకండి. టెస్టులు దొరికితే అందరినీ ఇంటికి పంపాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. ఇంగ్లండ్‌లో 2021లో 201 స్కూళ్లలో ఒక ట్రయల్ చేశారు. సగం స్కూళ్లలో కాంటాక్ట్‌లను, అంటే వైరస్ సోకినవాళ్లకు దగ్గరగా మెలిగినవాళ్లను, పది రోజులు ఇంట్లో ఉంచారు, మిగతా చోట్ల రోజూ ర్యాపిడ్ టెస్ట్ చేసి నెగటివ్ వచ్చినవాళ్లను తరగతికి రానిచ్చారు. రెండో పద్ధతి వల్ల జబ్బు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. రెండు చోట్లా కాంటాక్ట్‌లలో వైరస్ సోకినవాళ్లు నూటికి ఇద్దరికి మించలేదు. జర్మనీలో చిన్నపిల్లలకైతే లాలీపాప్‌లా చప్పరించే స్వాబ్‌లతో తరగతి మొత్తానికి కలిపి ఒకే పీసీఆర్ చేశారు. ముక్కులో పుల్ల పెట్టే టెన్షన్ లేకపోవడంతో పిల్లలు గోల చేయలేదు.

కాగితం మీద ఇంకో రెండు గీతలు ముందే గీసుకోండి: ఎప్పుడు ఒక సెక్షన్‌ను ఆపుతారు, ఎప్పుడు మొత్తం ఆపుతారు. రెండోదానికి నేను కేసుల కంటే టీచర్ల హాజరునే ఎక్కువ నమ్ముతాను. 2022 మొదట్లో ఒమిక్రాన్ అనే కోవిడ్ కొత్త రకం వచ్చినప్పుడు చాలా దేశాల్లో తరగతులు ఆగిపోయింది పిల్లల జబ్బుతో కాదు, పాఠం చెప్పే మనిషి లేక. ఎంతమంది టీచర్లు ఒకేసారి సెలవులో ఉంటే తరగతులు నడపలేరో మీకే తెలుసు. ఆ అంకె రాసుకోండి. గీతలు ముందే లేకపోతే నిర్ణయం భయంలో, రాత్రికి రాత్రి జరుగుతుంది. ఇంగ్లండ్‌లో సెలవుల తర్వాత 2021 జనవరి 4న చాలా ప్రాథమిక పాఠశాలలు తెరిచారు, ఆ రాత్రే లాక్‌డౌన్ ప్రకటించి మరుసటి రోజు నుంచి మూశారు. ఒక్క రోజు కోసం దేశమంతా పిల్లలను కలిపి మళ్లీ ఇళ్లకు పంపినట్టయింది.

హాజరు నిబంధన కూడా మార్చాలి. ఒక స్కూల్లో హాజరు తగ్గితే పరీక్షకు రానివ్వబోమన్నారు. ఒక తల్లి పొద్దున్నే పారాసెటమాల్ వేసి జ్వరం తగ్గించి పిల్లాడిని పంపింది. ఆమెను తిట్టి లాభం లేదు, ఆ నిబంధన చేయించిన పని అది. జలుబు, దగ్గు, జ్వరానికి ఇంట్లో ఉన్న రోజును గైర్హాజరుగా లెక్కించబోమని రాతపూర్వకంగా చెప్పండి.

మీ తల్లిదండ్రులు సగం సగంగా చీలిపోవడం గురించి: ఓటింగ్ పెట్టకండి. ఏ వార్త ముందు రోజు వస్తే ఓటు అటు పోతుంది. ఉరుగ్వే 2020 ఏప్రిల్ 22న పిల్లలు తక్కువగా ఉండే పల్లె బడులతో మొదలుపెట్టింది, రావడం తప్పనిసరి కాదంది. వచ్చిన పిల్లలు బాగానే ఉన్నారని చూశాక మిగతావాళ్లు వచ్చారు. మొదటి నెల రావడం ఇష్టాన్ని బట్టి అని చెప్పి, ఇంట్లో ఉన్నవాళ్లకు వర్క్‌షీట్లు పంపండి. ఇంట్లో క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లో, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లో ఉన్న కుటుంబాలకు ఆ వెసులుబాటు ఏడాదంతా ఉండాలి. కేసు వస్తే దాచబోమని ముందే మాటివ్వండి. పేరు చెప్పకుండా, ఏ సెక్షన్‌లో, ఏం చేస్తున్నాం అని అదే రోజు తెలియజేస్తే చాలు. దాచిన సంగతి వాట్సాప్‌లో బయటపడితే తర్వాత మీరు ఎన్ని మీటర్లు చూపించినా ఎవరూ నమ్మరు.

తెరిచిన మొదటి రెండు మూడు వారాలు సిలబస్ ముట్టుకోవద్దని టీచర్లకు చెప్పండి. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు ఎంతవరకు గుర్తున్నాయో చూసి, తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కొన్నాళ్లు కూర్చోబెట్టండి. పాకిస్తాన్ పిల్లల ఏడాదిన్నర ఇక్కడే పోయింది.

తేదీ పెట్టేటప్పుడు కనీసం రెండు వారాల ముందు చెప్పండి, బుధవారమో గురువారమో తెరవండి. రెండు మూడు రోజులు నడిస్తే గేటు దగ్గర గుంపు, చేతులు కడిగే చోట క్యూ, బస్సు టైమింగ్ లాంటి లోపాలు బయటపడతాయి, వాటిని సరిచేయడానికి శని, ఆదివారాలు ఉంటాయి. మీ స్కూల్లో గదులెన్ని, ఒక్కో గదిలో ఎంతమంది, ఎన్ని కిటికీలు నిజంగా తెరుచుకుంటాయో చూసి రాయండి. బ్యాచ్‌లు ఎలా విడగొట్టాలో దాన్ని బట్టి చెప్తాను.